రెండెకరాల ఇరవై గుంటలు 2.20 కాదు: సర్వే లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు ఎక్కడ తప్పుతున్నాయి

క్లుప్తంగా: సర్వే ఫారాల్లోని జవాబులు ఎక్సెల్, ఎస్‌పీఎస్‌ఎస్, ఆర్ లాంటి లెక్కల, గణాంక సాఫ్ట్‌వేర్‌లలోకి ఎక్కే దశలో వచ్చే తప్పులు రెండు రకాలు. కొన్ని ఎర్రర్ చూపించి ఆగిపోతాయి, వాటిని సరిదిద్దుకోవచ్చు. కొన్ని ఏ సూచనా లేకుండా సగటులో కలిసిపోతాయి. నష్టం చేసేవి ఈ రెండో రకం. కొలత, కోడ్ (జవాబుకు బదులు కొట్టే అంకె), ఖాళీ గడికి అర్థం, ఊరి పేరు, తేదీ: ఈ అయిదింటి సంగతి టైపింగ్ మొదలుకాకముందే తేల్చుకుంటే వాటిలో చాలావరకు ఆగుతాయి.

పట్టాదారు పాస్‌బుక్‌లో 2.20 అని ఉంటే నల్లగొండ రైతు దాన్ని రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాడు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే అంకెను కంప్యూటర్‌లో కొడితే సాఫ్ట్‌వేర్‌కు అది రెండు పాయింట్ రెండు మాత్రమే. చివరి సున్నాను కూడా తీసేసి 2.2 అని చూపిస్తుంది. ఆ 2.2 మళ్లీ కాగితం మీదికి వస్తే రెండెకరాల రెండు గుంటలా, ఇరవై గుంటలా అన్నది చూసేవాళ్లకు తెలియదు.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయాల పీజీ ప్రాజెక్టుల నుంచి, నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల థీసిస్‌ల దాకా ఇప్పుడు చాలా అధ్యయనాలు ఎస్‌పీఎస్‌ఎస్ మీదో, దానికి ఉచిత ప్రత్యామ్నాయాలైన పీఎస్‌పీపీ, జమోవి, ఆర్ మీదో నడుస్తున్నాయి. 2024 నవంబర్ 6న తెలంగాణలో మొదలైన ఇంటింటి కుటుంబ సర్వే ఫారాలు కూడా కాగితం మీద నిండి, ఆ తర్వాతే డేటా ఎంట్రీ ఆపరేటర్ల చేతికి వెళ్లాయి. ఏ గణాంక పరీక్ష వాడాలి, పీ విలువ ఎంత అన్న చర్చకు దొరికే సమయం అంకెలు లోపలికి ఎలా వెళ్లాయన్న ప్రశ్నకు దొరకడం లేదు. లెక్క చెడేది మాత్రం ఎక్కువగా అక్కడే.

గుంటలు దశాంశాలు కావు

ముగ్గురు రైతుల కమతాలు 1.30, 1.30, 2.20 అనుకుందాం. సాఫ్ట్‌వేర్ కూడితే 4.80 వస్తుంది. అసలు లెక్కలో అవి 1.75, 1.75, 2.50 ఎకరాలు, మొత్తం 6 ఎకరాలు. అంటే నికరంగా అయిదో వంతు భూమి లెక్కలోంచి జారిపోయింది. ఎర్రర్ రాలేదు, గడి ఎర్రబడలేదు.

తప్పు అక్కడితో ఆగదు. రెండెకరాల ఇరవై గుంటల్లో 20 క్వింటాళ్ల పత్తి వచ్చిందంటే దిగుబడి ఎకరాకు 8 క్వింటాళ్లు. 2.20తో భాగిస్తే 9.09 వస్తుంది. తెలంగాణ ప్రభుత్వ రైతు భరోసా కింద సీజన్‌కు ఎకరానికి 6,000 చొప్పున ఆ రైతుకు రావాల్సింది 15,000. తప్పు అంకెతో గుణిస్తే 13,200. కమతం ఎంత చిన్నదైతే గుంటల వాటా అంత పెద్దది కాబట్టి ఈ పొరపాటు సన్నకారు రైతుల లెక్కనే ఎక్కువగా వంకర చేస్తుంది.

దీనికి నికరమైన మందు ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెట్టడం. తర్వాత గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలిపే మూడో కాలమ్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే చేయించాలి. ఇప్పటికే ఒకే కాలమ్‌లో కొట్టేసి ఉంటే పూర్ణాంకాన్ని విడదీసి, మిగిలిన భాగాన్ని 100తో గుణించి 40తో భాగించాలి. అలా చేసేముందు ఒక పరీక్ష తప్పనిసరి. పాస్‌బుక్ పద్ధతిలో చుక్క తర్వాతి సంఖ్య 39 దాటదు. కాలమ్‌లో 1.50, 3.75 లాంటివి కనిపించాయంటే ఎవరో కొన్ని ఫారాలను దశాంశ పద్ధతిలో కొట్టారని అర్థం. అప్పుడు 2.25 అన్న ప్రతి గడీ అనుమానాస్పదమే: రెండెకరాల ఇరవై అయిదు గుంటలా, రెండుంబావు ఎకరాలా? ఏ ఫార్ములా దీన్ని తేల్చలేదు, కాగితం ఫారం తీసి చూడాల్సిందే.

బస్తాలదీ ఇదే చిక్కు. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. కల్లంలో రైతు చెప్పే బస్తా 70 కిలోలు దాటవచ్చు. మిర్యాలగూడ ఆయకట్టులో 'ఎకరాకు 35 బస్తాలు' అని రాసుకొచ్చిన ఫారంలో ఏ బస్తా అన్నది లేకపోతే ఆ జవాబును కిలోల్లోకి మార్చే దారి లేదు. సంఖ్య పక్కన కొలత కూడా ఫారంలోనే అడగాలి.

కోడ్‌బుక్ ముందు, కీబోర్డు తర్వాత

ఎస్‌పీఎస్‌ఎస్ తెరిస్తే కింద రెండు ట్యాబులు కనిపిస్తాయి. డేటా వ్యూలో అడ్డ వరుసకు ఒక మనిషి లేదా ఒక కుటుంబం, నిలువు వరుసకు ఒక ప్రశ్న. వేరియబుల్ వ్యూలో ఆ ప్రశ్నల వివరాలు ఉంటాయి: పేరు, రకం, వెడల్పు, దశాంశాలు, లేబుల్, విలువల లేబుళ్లు, మిస్సింగ్ (జవాబు లేదని తెలిపే కోడ్లు), కొలత స్థాయి వగైరా. చాలామంది డేటా వ్యూలో కొట్టుకుంటూ పోయి, రెండో ట్యాబును చివర్లో తెరుస్తారు. పని నడవాల్సిన క్రమం దీనికి తిరగబడి ఉంటుంది. వేరియబుల్ వ్యూ నింపడమంటే కోడ్‌బుక్ రాయడమే.

కోడ్‌బుక్ అంటే ఒక పేజీ పట్టిక. ప్రశ్న సంఖ్య, వేరియబుల్ పొట్టి పేరు, జవాబులకు కోడ్లు, ఉండదగిన కనిష్ఠ, గరిష్ఠ విలువలు, కొలత ప్రమాణం, జవాబు లేనప్పుడు వాడాల్సిన కోడ్ అందులో ఉంటాయి. ఇద్దరు ఆపరేటర్లు కూర్చున్నప్పుడు ఒకరు ఆడవారికి 1, మగవారికి 2 అనీ, మరొకరు తిప్పి 2, 1 అనీ కొట్టకుండా ఆపేది ఈ పేజీ ఒక్కటే. ఆ తప్పు జరిగాక రెండు ఫైళ్లు కలిపేస్తే ఏ వరుస ఎవరు కొట్టారో తెలిపే కాలమ్ లేనంతవరకు విడదీయడం కుదరదు. అందుకే ఆపరేటర్ సంఖ్యకు కూడా ఒక కాలమ్ ఉండాలి.

జవాబులను తెలుగులో నేరుగా కొట్టడం గురించి ఒక మాట. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి ఒకే అక్షరంగా కనిపించే 'స్త్రీ'లో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అక్షరాల వేరియబుల్‌కు మామూలుగా వచ్చే వెడల్పు 8 బైట్లు. అందులో ఆ ఒక్క అక్షరమే పట్టదు. వేరియబుల్ పేరుకు 64 బైట్ల పరిమితి, విలువ లేబుల్‌కు 120. కాబట్టి గడిలో అంకె, లేబుల్‌లో తెలుగు అన్న పద్ధతి మేలు. 1 అని కొట్టి దాని లేబుల్‌గా 'స్త్రీ' అని ఇస్తే పట్టికలన్నీ తెలుగులోనే వస్తాయి, లెక్క మాత్రం అంకె మీద నడుస్తుంది.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన జాబితాలు మరో రకం సమస్య. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు ఉన్నంతసేపే తెలుగులా కనిపిస్తాయి, లోపల ఉన్నవి వేరే గుర్తులు. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే అర్థం లేని అక్షరాల వరుస మిగులుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. యూనికోడ్‌లోనే ఉన్న సీఎస్‌వీ (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్) ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తున్నాయంటే ఫైలు చెడిపోయిందని కాదు, ఎన్‌కోడింగ్ తప్పుగా చదివిందని. డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేస్తూ యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు తిరిగొస్తుంది. పిచ్చిగీతలు ఉన్నప్పుడే సేవ్ నొక్కడం మాత్రం చేయకూడదు.

ఖాళీ, సున్నా, 99

పాలమూరు వలసల మీద ఒక ప్రశ్నావళి ఉందనుకుందాం. మొదటి ప్రశ్న: ఇంట్లో ఎవరైనా నిరుడు వలస వెళ్లారా? రెండో ప్రశ్న: ఎన్ని నెలలు? నూరు కుటుంబాల్లో 30 కుటుంబాల వాళ్లు సగటున 6 నెలలు వెళ్లారు. మిగతా 70 ఫారాల్లో రెండో ప్రశ్నకు ఏం కొట్టాలి? ఖాళీ వదిలితే సగటు 6 నెలలు. సున్నా కొడితే 1.8 నెలలు. రెండూ తప్పు కాదు. ఒకటి వలస కుటుంబాల సగటు, రెండోది ఊరందరి సగటు. కొన్ని ఫారాల్లో సున్నా, కొన్నింట్లో ఖాళీ కలిసినప్పుడు వచ్చే సగటు మాత్రం ఎవరిదీ కాదు.

జవాబు లేకపోవడానికి కారణాలు వేరువేరు. ప్రశ్న వాళ్లకు వర్తించదు, తెలియదన్నారు, చెప్పనన్నారు. ఎస్‌పీఎస్‌ఎస్ ఒక వేరియబుల్‌కు విడి మిస్సింగ్ కోడ్లు మూడు దాకా ఇవ్వనిస్తుంది. తెలియదు 97, వర్తించదు 98, చెప్పలేదు 99 అని పెట్టుకుంటే మూడూ సరిపోతాయి. ఖాళీ గడికి అప్పుడు ఒకటే అర్థం మిగులుతుంది: ఆపరేటర్ వదిలేశాడు, ఫారం మళ్లీ చూడాలి. వయసు 97 ఉన్న ముసలమ్మ నిజంగానే ఎదురైతే వయసు కాలమ్‌కు 997, 998, 999 వాడాలి.

కోడ్ కొట్టడంతో సగం పనే అవుతుంది. వేరియబుల్ వ్యూలోని మిస్సింగ్ గడిలో దాన్ని ప్రకటించకపోతే 99 కూడా మామూలు అంకె. ఫ్లోరైడ్ పరీక్ష చేసిన 50 నీటి నమూనాల్లో 47 నమూనాల సగటు లీటరుకు 1.2 మిల్లీగ్రాములు, మూడింటి ఫలితం రాక 99 కొట్టారు అనుకుందాం. ప్రకటన లేకుండా సగటు తీస్తే 7.07 వస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన హద్దు 1.0, వేరే నీరు లేనప్పుడు అనుమతించేది 1.5. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పేర్లు దశాబ్దాలుగా ఫ్లోరోసిస్‌తో ముడిపడి ఉన్న చోట, అలాంటి అంకె నివేదికలోకి ఎక్కితే నమ్మేవాళ్లే ఎక్కువ. ఆశ్చర్యం కలగని తప్పు అంకెను ఎవరూ తిరిగి చూడరు.

మరో సంగతి. మిస్సింగ్ ప్రకటన ఎస్‌పీఎస్‌ఎస్ సొంత ఫైలులోనే ఉంటుంది. సీఎస్‌వీగా మార్చి మరొకరికి పంపితే 97, 98, 99 మళ్లీ ఉత్త అంకెలవుతాయి. కోడ్‌బుక్ వెంట వెళ్లకపోతే అవతలి వాళ్లకు తెలిసే దారి లేదు.

మొత్తాల దగ్గరా ఇదే కథ. కుటుంబ ఆదాయాన్ని సాగు, కూలి, పాడి, పింఛను అని నాలుగు కాలమ్‌లుగా అడిగి కూడేటప్పుడు, ఎస్‌పీఎస్‌ఎస్‌లో కూడిక గుర్తు వాడితే నాలుగింటిలో ఒకటి మిస్సింగ్ అయినా మొత్తమూ మిస్సింగ్ అవుతుంది. సమ్ ఫంక్షన్ వాడితే ఉన్నవాటినే కూడుతుంది, లేనిదాన్ని సున్నాగా చూసినట్టే. ఎక్సెల్‌లో కూడిక గుర్తు పెట్టినా ఖాళీ గడి సున్నాయే. పాడి లేని ఇంటికి సున్నా అని ఫారంలోనే కొట్టి ఉంటే ఈ తేడా రాదు. కూలి డబ్బు చెప్పని ఇంటి మొత్తం మాత్రం మిస్సింగ్‌గా ఉండటమే న్యాయం. ఆ ఇంటిని బీద కుటుంబంగా చూపించడం కన్నా లెక్కలోంచి పక్కన పెట్టడం నయం.

ఒకే కాలమ్, మూడు సాఫ్ట్‌వేర్లు

ల్యాబ్ నివేదికలో కొన్ని నమూనాలకు అంకె ఉండదు. పరికరం పట్టుకోగల హద్దు కన్నా తక్కువ అని తెలపడానికి 'తక్కువ' గుర్తు పెట్టి 0.1 అనో, బీడీఎల్ అనో రాస్తారు. నూరు నమూనాల్లో నాలుగు ఇలా ఉన్న ఎక్సెల్ కాలమ్‌ను మూడు చోట్ల తెరిచి చూస్తే తేడా తెలుస్తుంది.

ఆర్‌లో సీఎస్‌వీగా చదివిస్తే ఒక్క అక్షరపు గడి ఉన్నా కాలమ్ మొత్తం అక్షరాలుగా మారుతుంది. సగటు అడిగితే హెచ్చరిక ఇచ్చి, అంకెకు బదులు ఎన్‌ఏ (విలువ లేదు) చూపిస్తుంది. విసుగు పుట్టిస్తుంది, కానీ సమస్య వెంటనే బయటపడుతుంది.

ఎక్సెల్‌లో యావరేజ్ ఫార్ములా అక్షరాలున్న గడులను దాటేసి, మిగతా 96 గడుల సగటు ఇస్తుంది. ఏమీ చెప్పదు.

ఎస్‌పీఎస్‌ఎస్ కొత్త వెర్షన్లలో ఎక్సెల్ ఫైలు తెరిచే పెట్టెలో 95 శాతం అన్న ఒక అంకె ఉంటుంది. ఖాళీ కాని గడుల్లో అంతశాతం ఒకే రకంగా ఉంటే కాలమ్ రకాన్ని దాన్నిబట్టే నిర్ణయిస్తుంది. ఇక్కడ 96 శాతం అంకెలే కాబట్టి కాలమ్ అంకెలదవుతుంది, ఇమడని నాలుగు గడులు సిస్టమ్ మిస్సింగ్‌గా, అంటే చుక్కలుగా మారతాయి. ఫైలు శుభ్రంగా కనిపిస్తుంది. పోయిన నాలుగూ కాకతాళీయంగా పోయినవి కావు, అన్నిటికన్నా తక్కువ ఫ్లోరైడ్ ఉన్న నాలుగు నమూనాలు అవే. సగటు ఎప్పుడూ పైకే జరుగుతుంది. ఆ శాతాన్ని 100కు మార్చి తెరిస్తే కాలమ్ అక్షరాలుగా వస్తుంది, సమస్య కళ్లముందు ఉంటుంది. ఆ తర్వాత హద్దు కన్నా తక్కువ వాటికి ఏ విలువ ఇవ్వాలన్నది పద్ధతి ప్రకారం తేల్చుకుని, ఏది ఎంచుకున్నారో నివేదికలో రాయాలి. హద్దులో సగం, అంటే 0.05 ఇవ్వడం వాడుకలో ఉన్న సులువు పద్ధతి. అలాంటి నమూనాలు ఎక్కువగా ఉన్నప్పుడు సగటు బదులు మధ్యగతం (వరుసలో నడిమి విలువ) చెప్పడం క్షేమం.

ఎక్సెల్ మౌనం ఎంత దూరం పోతుందో 2020లో బ్రిటన్ చూసింది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ హద్దు దాటిన కోవిడ్ పరీక్షల ఫలితాలు రాలిపోయి, 15,841 కేసులు రోజువారీ లెక్కలో ఆలస్యంగా చేరాయి. కొత్త ఫార్మాట్ 10,48,576 వరుసల దాకా పడుతుంది. ఎన్ని వరుసలు పంపారో, ఎన్ని చేరాయో సరిచూసుకునే అలవాటు ఏ ఫార్మాట్‌కైనా కావాల్సిందే.

అంకె కనిపించినంత మాత్రాన సగటు తీయొచ్చా

వేరియబుల్ వ్యూలోని కొలత స్థాయి గడిలో మూడు ఎంపికలుంటాయి: నామినల్ (పేరుకు బదులు కోడ్), ఆర్డినల్ (వరుసక్రమం), స్కేల్ (నిజమైన కొలత). కులం కోడ్, మండలం కోడ్ నామినల్. వాటి సగటుకు అర్థం లేదు. చదువు స్థాయి ఆర్డినల్. వయసు, ఎకరాలు స్కేల్.

పళ్ల ఫ్లోరోసిస్‌కు వాడే డీన్ సూచిక ఈ మూడింటి మధ్య ఒక మెలిక. అందులో మామూలు పన్నుకు 0, అనుమానానికి 0.5, అతి స్వల్పానికి 1, స్వల్పానికి 2, మధ్యస్థానికి 3, తీవ్రానికి 4. వరుసక్రమం మాత్రమే ఉన్న కొలత ఇది. అయినా సామాజిక ఫ్లోరోసిస్ సూచిక కోసం ఈ అంకెల సగటే తీస్తారు, 0.6 దాటితే ప్రజారోగ్య సమస్యగా చూస్తారు. అంటే ఇక్కడ 0.5 అన్న సగం అంకెకు బరువుంది. ఫారంలోని ఆరు గడులను చూసి ఆపరేటర్ 0 నుంచి 5 దాకా వరుసగా కోడ్ ఇచ్చేస్తే ఏమవుతుందో చూడాలి. నూరు మంది పిల్లల్లో మామూలు 50, అనుమానం 20, అతి స్వల్పం 15, స్వల్పం 10, మధ్యస్థం 4, తీవ్రం 1 అనుకుంటే అసలు సూచిక 0.61. వరుస కోడ్లతో 1.01. గీత మీద ఉన్న ఊరు ఒక్కసారిగా గీతకు చాలా పైన కనిపిస్తుంది. కోడ్లు వరుసగానే కొట్టినా తర్వాత రీకోడ్ చేసి, అంటే కోడ్లు మార్చి సరిదిద్దవచ్చు. అలా చేసేటప్పుడు పాత కాలమ్ మీద రాయకుండా, వేరే వేరియబుల్‌లోకి రీకోడ్ చేసే ఎంపికనే వాడాలి. పాతది చెరిగిపోతే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

తేదీల్లో 8వ తారీఖు గుట్టు

మన అలవాటు రోజు, నెల, సంవత్సరం. అమెరికా అలవాటు నెల ముందు. కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగు అమెరికాదై ఉంటే 05/08/2024 అన్న ఆగస్టు 5, మే 8గా మారుతుంది. 25/08/2024 మాత్రం మారదు, ఎందుకంటే 25వ నెల లేదు. అది తేదీ కాకుండా అక్షరాలుగా నిలుస్తుంది. సర్వే మొత్తం ఆగస్టులోనే జరిగి ఉంటే మొదటి పన్నెండు రోజుల ఫారాలు జనవరి నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెల 8వ తారీఖున చెల్లాచెదురవుతాయి. తేదీల కాలమ్‌కు ఫ్రీక్వెన్సీ పట్టిక తీసి, 8వ తారీఖులు కుప్పగా కనిపిస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు. రోజు, నెల, సంవత్సరం మూడు కాలమ్‌లుగా కొట్టి సాఫ్ట్‌వేర్‌తో కలిపించడం, లేదా 2024-08-05 పద్ధతిలో కొట్టడం దీనికి మందు.

ఊరు అదే, జిల్లా వేరు

పేరును బట్టి రెండు ఫైళ్లు కలపడం దక్షిణ తెలంగాణలో ముఖ్యంగా ప్రమాదం. నాంపల్లిని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు, మహబూబ్‌నగర్‌ను ఇంకా ఎక్కువ రకాలుగా. కొందరు పాలమూరనే రాస్తారు. సాఫ్ట్‌వేర్‌కు ప్రతి స్పెల్లింగూ ఒక కొత్త ఊరు. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నా కొన్ని సాఫ్ట్‌వేర్‌లకు అది వేరే పేరే. పేరు బదులు స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని గ్రామ, మండల కోడ్లు వాడితే ఈ బెడద ఉండదు.

దాన్ని మించింది జిల్లాల పునర్విభజన. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట వచ్చాయి. షాద్‌నగర్, ఆమనగల్ వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు వెళ్లాయి. 2011 జనగణన పుస్తకంలో మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షలకు పైన. అదే జనగణనను ఇప్పటి హద్దుల్లో లెక్కిస్తే సుమారు 9 లక్షలు. ఒక ఫైలులో పాతది, మరో ఫైలులో కొత్తది పెట్టి కలిపితే జిల్లా పేరు చక్కగా సరిపోతుంది, తలసరి అంకెలన్నీ తప్పవుతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను పోల్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. 2015-16 నాటి నాలుగో సర్వే తెలంగాణను 10 జిల్లాలుగా చూసింది. 2019-21 నాటి అయిదో సర్వే 31గా చూసింది, నారాయణపేట అందులో విడిగా లేదు. రెండు సర్వేల్లోని 'మహబూబ్‌నగర్' ఒకటి కాదు. జిల్లా స్థాయిలో నేరుగా పోల్చడం మానుకుని, పాత జిల్లా పరిధిలోని కొత్త జిల్లాలన్నిటినీ చేర్చి చూడటమే ఉన్నంతలో మెరుగు. మండలాలు కొన్ని పక్క జిల్లాలకు వెళ్లినందువల్ల అదీ దగ్గరి అంచనాయే. మండల స్థాయిలోనూ హద్దులు మారాయి. గట్టుప్పల్ లాంటి మండలాలు తర్వాత ఏర్పడ్డాయి. జనగణన నాటి గ్రామ కోడ్ ఒక్కటే ఈ మార్పులన్నిటికీ అడుగున కదలకుండా ఉంటుంది.

ఫైళ్లు కలిపేటప్పుడు కలిపే కాలమ్ రెండు ఫైళ్లలో ఒకే రకంగా ఉండాలి: ఒకచోట అంకె, మరోచోట అక్షరాలు అయితే జతపడదు. కుటుంబాల ఫైలులో కుటుంబ సంఖ్య రెండుసార్లు ఉంటే మనుషుల ఫైలులోని వరుసలు రెట్టింపు కావచ్చు. ఎస్‌పీఎస్‌ఎస్ డేటా మెనూలో డూప్లికేట్ కేసులను గుర్తించే ఆదేశం ముందు నడిపి, కలపకముందు వరుసలెన్ని, కలిపాక ఎన్ని అని రాసిపెట్టుకోవాలి.

గూగుల్ ఫారం వస్తే ఎంట్రీ బాధ తప్పినట్టేనా

కొంతవరకే. ఒకటి కన్నా ఎక్కువ జవాబులు ఎంచుకునే ప్రశ్నకు గూగుల్ ఫారం అన్నిటినీ కామాలతో ఒకే గడిలో పెడుతుంది. తాగునీరు ఎక్కడిదంటే 'భగీరథ నల్లా, బోరు, ఫిల్టర్ నీళ్ల క్యాన్' అని ఒకే గడి. సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగో రకం నీటి వనరుగా లెక్కిస్తుంది. ఒక్కో వనరుకు ఒక్కో కాలమ్ చేసి, ఉంటే 1, లేకపోతే 0 అని విడగొట్టాలి. ఎంపిక పేరులోనే కామా ఉంటే విడగొట్టినప్పుడు అదీ ముక్కలవుతుంది కాబట్టి ఫారం తయారీలోనే ఎంపికల్లో కామా లేకుండా చూసుకోవాలి. ఫోన్‌లో సర్వే చేయడానికి వాడే కోబో, ఓడీకే లాంటి సాధనాలు ఈ పని ముందే చేసి పెడతాయి. వయసు 0 నుంచి 110 మధ్యే ఉండాలన్న హద్దు, వలస లేదంటే నెలల ప్రశ్న అడగకూడదన్న నియమం ఫోన్‌లోనే పెట్టొచ్చు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు లేబుళ్లు కాకుండా కోడ్లతో తీసుకుంటే విశ్లేషణకు సులువు.

ఫోన్ కూడా పట్టుకోలేని తప్పొకటి ఉంది: చెప్పిన వయసే అంచనా కావడం. ఊళ్లలో 40, 45, 50 అని గుండ్రంగా చెప్తారు. 23 నుంచి 62 ఏళ్ల వారిలో 0, 5తో ముగిసే వయసులవాళ్లను లెక్కించి, అదే వయసుల మొత్తం మందిలో అయిదో వంతుతో భాగించి 100తో గుణిస్తే విపుల్ సూచిక వస్తుంది. 100 అంటే మొగ్గు లేదు, 500 అంటే అందరూ గుండ్రంగానే చెప్పారు. అది బాగా ఎక్కువగా ఉంటే ఒక్కో ఏడు చొప్పున విశ్లేషించకుండా పదేళ్ల తరగతులు చేసుకోవాలి. ఒక్క ఎన్యూమరేటర్ ఫారాల్లోనే ఎక్కువగా ఉంటే, ఆ ఫారాలు ఎలా నిండాయో అడగాలి.

రెండుసార్లు కొట్టించడం దుబారా కాదు

300 ఫారాలు, ఒక్కోదానిలో 40 ప్రశ్నలు అంటే 12,000 గడులు. నూటికి ఒక గడి తప్పినా 120 తప్పులు. ఇద్దరు ఆపరేటర్లు విడివిడిగా కొట్టి, రెండు ఫైళ్లను గడిగడికీ పోల్చితే తేడా వచ్చినవన్నీ బయటపడతాయి. ఇద్దరూ ఒకే గడిలో తప్పే అవకాశం, అదే ఒక శాతం లెక్కన, పదివేలకు ఒకటి. అంటే మొత్తం మీద ఒకటో రెండో గడులు. అందులోనూ ఇద్దరూ ఒకే తప్పు అంకె కొట్టి ఉంటేనే అది దాగుతుంది. ఎపిడేటా లాంటి ఉచిత సాధనాల్లో ఈ పోలిక సదుపాయం ఉంది. అన్నీ రెండుసార్లు కొట్టించే స్తోమత లేకపోతే ముఖ్యమైన అయిదారు ప్రశ్నలకైనా చేయించడం మంచిది.

కానీ 2.20ని ఇద్దరూ 2.20 అనే కొడతారు. చేతి తప్పులను పట్టేది డబుల్ ఎంట్రీ, అర్థం తప్పులను కాదు. వాటికి తర్కపు పరీక్షలు కావాలి: తల్లి వయసుకూ పెద్ద బిడ్డ వయసుకూ తేడా 12 కన్నా తక్కువుందా, వలస లేదన్న ఇంటికి నెలలు నిండాయా, సాగు భూమి సొంత, కౌలు భూముల మొత్తాన్ని మించిందా. ఒక్కోటి ఒక్క పంక్తి ఆదేశం. మెనూల్లో నొక్కి చేసినా పేస్ట్ బటన్ నొక్కితే ఎస్‌పీఎస్‌ఎస్ ఆ పనిని సింటాక్స్‌గా, అంటే ఆదేశాల రూపంలో రాసిస్తుంది. ఆ సింటాక్స్ ఫైలు ఉంటే రేపు పదిహేను ఫారాలు కొత్తగా వచ్చినా శుభ్రం చేసే పని మొదటి నుంచి చేయనక్కర్లేదు. మార్గదర్శకులు అడిగితే ఏ అంకె ఎందుకు మారిందో చూపించడానికి అదే ఆధారం.

మొదట వచ్చిన ముడి ఫైలును ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచి, మార్పులన్నీ దాని నకలు మీదే చేయాలి. పేర్లు, ఫోన్ నంబర్లు విశ్లేషణ ఫైలులో అసలు ఉండకూడదు. ఆధార్ సేకరించాల్సిన అవసరమే చాలా అధ్యయనాలకు లేదు. సేకరించినవాళ్లకు ఎక్సెల్ మరో దెబ్బ వేస్తుంది: 12 అంకెల సంఖ్యను జనరల్ ఫార్మాట్‌లో కుదించి చూపి, అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ జాగ్రత్తను మర్యాదగా మాత్రమే చూడలేం. పేర్లు వేరే ఫైలులో తాళం వేసి ఉంచి, రెండింటికీ మధ్య ఫారం సంఖ్య ఒక్కటే లంకెగా వదలాలి. ఆ సంఖ్యను కాగితం ఫారం మీద కూడా కొట్టొచ్చినట్టు రాసి, సంఖ్య వరుసలోనే కట్టలు కట్టించాలి. 2.25 ఎదురైన రోజున 187వ ఫారం అయిదు నిమిషాల్లో చేతికి దొరకాలి.